పంటు రేవులో ఒక మారుపేరు

గత శీతాకాలంలో మాకొక నికాహ్ ఆహ్వాన పత్రిక అందింది. పంపినవారు మా బాల్యమిత్రులు. కోనసీమలోని ఒక చిన్న ఊరి మక్తబ్‌లో ఇద్దరమూ ఒకే చాపపై కూర్చుని ఖాయిదా చదువుకున్నాము. పత్రికలో వధువు తండ్రిగా ఆయన పూర్తి పేరు చక్కగా అచ్చయి ఉంది. దాని పక్కనే బ్రాకెట్లో మరొక పేరు ఉంది. ఆ రెండక్షరాలు చూడగానే పత్రికను మడిచి జేబులో పెట్టుకున్నాము. ఎందుకంటే ఆ పేరు పెట్టినది మేమే.

చిన్నతనంలో ఆయనకు మాట తడబడేది. ఖాయిదాలో ఒక అక్షరం దగ్గర నాలుక ఆగిపోయి అదే ధ్వని మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఒకనాడు ఉస్తాద్ గారు వుజూకు వెళ్ళిన సమయంలో మేము ఆ తడబాటును అనుకరించి ఆయనను పిలిచాము. చాపపైనున్న పిల్లలందరూ నవ్వారు. సాయంత్రానికి ఆ పిలుపు చెరువుగట్టు దాకా పాకింది. అప్పటికి మా వయసు తొమ్మిదేళ్ళు. ఆ పేరేమిటో ఇక్కడ రాయము. రాస్తే అదే తప్పును అచ్చులో మరొకసారి చేసినవారమవుతాము.

నికాహ్‌కు ముందు రోజు తెల్లవారుజామున రాజమండ్రిలో బస్సెక్కాము. ప్రభుత్వం 2015లో ఈ నగరానికి రాజమహేంద్రవరం అనే పాత పేరునే అధికారికం చేసింది. కాగితాల మీద ఆ పేరే ఉంటుంది. బస్సు కండక్టరు నోట మాత్రం నేటికీ "రాజమండ్రి, రాజమండ్రి" అనే పిలుపే వినబడుతుంది. నగరాలకైనా మనుషులకైనా రాసే పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి ఉండటం ఈ నేలపై వింత కాదు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి తెల్లవారి మంచులో మసకగా కనిపించింది. 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలై 1852 నాటికి పూర్తయింది. దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌ను డెల్టా రైతులు పూర్తి పేరుతో పిలిచింది తక్కువ. వారికి ఆయన కాటన్ దొర. రచయిత ముళ్ళపూడి వెంకటరమణ 1931లో పుట్టిన ఊరు కూడా ఈ ధవళేశ్వరమే. ఆయన సృష్టించిన అల్లరి పిల్లవాణ్ణి తెలుగు పాఠకులు 'బుడుగు' అనే ముద్దుపేరుతోనే ఎరుగుదురు. ఆ బుడుగుకు బొమ్మలు గీసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933లో జన్మించినది మేము వెళ్తున్న నరసాపురంలోనే. లక్ష్మీనారాయణ అంటే ఎంతమందికి తెలుస్తుంది? బాపు అంటే తెలియని ఇల్లు లేదు.

రావులపాలెం దాటిన తరువాత దారి పొడవునా ఫ్లెక్సీలు కనిపించాయి. పెళ్ళి శుభాకాంక్షలు, పుట్టినరోజులు, సంతాపాలు. దాదాపు ప్రతి పేరు పక్కనా బ్రాకెట్లో ఒక బుజ్జి, ఒక అబ్బులు, ఒక చంటి, ఒక బాబ్జీ. తలలు నెరసిన పెద్దలకు కూడా ఉయ్యాలనాటి పేర్లే! 2019లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ఒకేసారి ముగ్గురు 'నాని'లు ఉన్నారు. ఏలూరుకు చెందిన ఆళ్ల నాని అసలు పేరు ఆళ్ల కాళీకృష్ణ శ్రీనివాస్. మిగిలిన ఇద్దరు అప్పటి గుడివాడ, మచిలీపట్నం శాసనసభ్యులు. పసివాణ్ణి ముద్దు చేసే మాట ముగ్గురు మంత్రుల పేరైంది. అమ్మ నోట పుట్టిన పిలుపు కనుక వారికి అది గౌరవమే తెచ్చింది.

మన ముస్లిం కుటుంబాలలో ఈ అవసరం మరింత ఎక్కువ. డెల్టా పల్లెల్లో ఇంటిపేరు షేక్, సయ్యద్, ముహమ్మద్, పఠాన్‌లలో ఏదో ఒకటి అవుతుంది. తాతల పేర్లే మనుమలకు వస్తాయి. ఒక్క వీధిలోనే ఒకే పేరు గలవారు నలుగురుంటే, ఎవరు ఎవరో చెప్పడానికి లోకులు ఒక గుర్తు వెతుకుతారు. వృత్తి దొరికితే వృత్తి, ఊరు దొరికితే ఊరు. ఏదీ దొరకనప్పుడు శరీరంలోని లోపం దొరుకుతుంది. ఏడవ రోజున అఖీఖా చేసి, నలుగురు పెద్దలను అడిగి, అర్థం చూసి పెట్టిన పేరు ఆనాటితో మరుగున పడుతుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాము. మోటారు సైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, బడిపిల్లలు. వసిష్ఠ గోదావరి దాటే ఆ కొద్ది సేపట్లో మా మనసు మేము తరగతిలో ఏళ్ళ తరబడి చదివించిన ఒక హదీసు పరంపర మీదికి పోయింది. అబుజ్జినాద్, అల్ అఅరజ్ నుండి. ఆయన హజ్రత్ అబూ హురైరా (రజి) నుండి. ఈ మూడూ మారుపేర్లే.

చివరివారి అసలు పేరు అబ్దుర్రహ్మాన్ అని అధిక విద్వాంసుల మాట. పడుచుతనంలో మేకలు కాస్తూ ఒక పిల్లికూనతో ఆడుకునేవారు కనుక 'పిల్లికూన తండ్రి' అన్నారు. అయిదు వేలకు పైగా హదీసులు ఆ పిలుపుతోనే మనకు చేరాయి. మధ్యనున్నవారి బిరుదుకు అర్థం కుంటివారని. మొదటివారి అసలు పేరు అబ్దుల్లాహ్ బిన్ జక్వాన్. అబుజ్జినాద్ అని పిలిస్తే వారికి కోపం వచ్చేదని చరిత్రకారులు రాశారు. ఒకే వాక్యంలో ఒక ముద్దుపేరు, ఒక గుర్తింపు పేరు, ఒక నచ్చని పేరు. ఇన్నేళ్ళూ ఆ ముగ్గురి పేర్లు కంఠస్థం చేయించాము గాని, మొదటివారి కోపాన్ని గురించి విద్యార్థులకు ఒక్కసారీ చెప్పలేదు.

సూరతుల్ హుజురాత్ 11వ ఆయతు ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్ని వారించింది. దాని నేపథ్యం అబూదావూద్ సంకలనంలో ఉంది. మదీనాలో బనూ సలమా వారికి ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లుండేవి. దైవప్రవక్త (సఅసం) ఒకరిని ఒక పేరుతో పిలిస్తే, ఆ పేరంటే ఆయనకు కోపమని తక్కినవారు విన్నవించేవారు. అలా పిలుస్తున్నవారికి దురుద్దేశం లేదు. అయినా పిలవబడేవాని మనసునే ఆయతు లెక్కలోకి తీసుకుంది. మన ధర్మవేత్తలు ఈ మెలకువ పాటించారు. ఇబ్ను ఉలయ్యా అని తల్లి పేరుతో పిలవడం ఇస్మాయీల్ అనే పండితులకు ఇష్టం లేదు. ఇమామ్ షాఫయీ (రహ్మలై) 'ఇబ్ను ఉలయ్యా అని ప్రజలు పిలిచే ఇస్మాయీల్' అని చెప్పేవారు. గుర్తూ మిగిలింది, నింద తమ నోటికి అంటలేదు.

నరసాపురం రేవులో దిగి ఒక టీ కొట్టు దగ్గర మిత్రుని పూర్తి పేరు చెప్పి ఇల్లు అడిగాము. కొట్టతను ఆలోచించాడు. "ఆ పేరుతో ఇక్కడ శానామంది ఉన్నారండి. ఏం చేస్తారండి ఆయన?" గాజుల వ్యాపారమన్నాము. "గాజులోళ్ళూ ముగ్గురున్నారండి." ఇక మార్గం లేకపోయింది. నలభై అయిదేళ్ళ తరువాత, గడ్డం నెరసిన మా నోటితో, ఆ రెండక్షరాలను మళ్ళీ పలికాము. అతని ముఖం విప్పారింది. "ఆయ్, ఆయనాండీ! ముందే చెప్పొచ్చు గదండీ" అని కుర్రవాణ్ణి తోడిచ్చి పంపాడు. ఆ కుర్రవాడు దారంతా ఆ పేరే పలుకుతూ నడిచాడు.

ఇల్లంతా బంధువులు. మిత్రుడు మమ్మల్ని కౌగిలించుకున్నారు. వారి మాటలో తడబాటు ఏనాడో పోయింది. రాత్రి ఇషా తరువాత పెరట్లో ఒంటరిగా దొరికినప్పుడు, ఆ పేరు పెట్టినది మేమేనని చెప్పి, మాఫ్ చేయమని అడిగాము. ఆయన నవ్వారు.

"నువ్వా భాయ్ పెట్టింది? నాకు గుర్తే లేదు. ఊరే పెట్టిందనుకున్నాను. పోనీలే, ఆ పేరు లేకపోతే నా బండి దగ్గరికి ఎవరొస్తారు?"

మా గుండె తేలికపడింది. కొంతసేపటికి ఆయన గొంతు తగ్గించి అన్నారు: "రేపు వియ్యాలవారి ముందు మాత్రం ఆ పేరు అనకు భాయ్. వాళ్ళకు పంపిన కార్డుల్లో అది వేయించలేదు."

అంటే కార్డులు రెండు రకాలుగా అచ్చు వేయించారన్నమాట. నవ్వుతూ మోసిన బరువు కూడా బరువేనని అప్పుడు తెలిసింది.

మరునాడు నికాహ్ సభలో ఖాజీ గారు వధువు పేరును, తండ్రి పేరును స్పష్టంగా చదివారు. మిత్రుడు కొత్త షేర్వానీలో నిటారుగా కూర్చున్నారు. మా వెనుకనున్న ఒక వృద్ధుడు, "ఎవరాయన?" అని మా భుజం తట్టి అడిగాడు. "వధువు తండ్రి" అన్నాము.

రాజమండ్రి తిరిగి వచ్చాక మక్తబ్‌లో హాజరు తీసుకున్నాము. పొట్టిగా ఉన్న ఒక పిల్లవానికి ఇంట్లో ఒక పిలుపుంది. ప్రేమతోనే అనుకుంటూ మేమూ దానితోనే పిలిచేవాళ్ళము. పాఠం ముగిశాక దగ్గరకు పిలిచి, ఆ పేరు నీకు ఇష్టమేనా అని అడిగాము. వాడు చాలాసేపు చాప అంచు గిల్లుతూ నిలబడ్డాడు. "అమ్మీ పిలిస్తే బాగుంటుంది హజ్రత్" అన్నాడు.

ఆనాటి నుండి వాణ్ణి పూర్తి పేరుతో పిలుస్తున్నాము. పాఠక సోదర సోదరీమణులకు ఒక్క మనవి. మీ ఇంట్లో, వీధిలో, బడిలో మీరు పిలిచే మారుపేర్లను ఒకసారి లెక్కించుకోండి. అవి మోస్తున్నవారిని ఒంటరిగా, నెమ్మదిగా అడగండి. వెంటనే నవ్వితే అదే జవాబు అనుకోకండి, కొంచెంసేపు ఆగండి. మన నాలుకలు గాయపరచినవారి ముందు మాఫీ కోరుకునే అవకాశాన్ని అల్లాహ్ మనకు ఈ లోకంలోనే ప్రసాదించుగాక. ఆమీన్.