కెప్టెన్‌గారూ, బంతి ఎవరికిస్తారు?

“అక్షర్ పటేల్‌ను ఐదో నంబర్ల పంపుడేందిర బై? అయ్యర్ ఏం పాపం జేసిండు?”

2024 జనవరి 28, ఆదివారం మధ్యాహ్నం. హనుమకొండ చౌరస్తాకు కూతవేటు దూరంలో ఒక చాయ్ హోటల్. ఈ ప్రశ్న వేసింది సాక్షాత్తు ఆ హోటల్ యజమానే. వేసి ఊరుకున్నాడా? మరుగుతున్న పాలను వాటి ఖర్మకు వదిలేసి టీవీ ముందుకొచ్చి నిలబడ్డాడు. పాలు పొంగాయి. ఎవరూ పట్టించుకోలేదు.

నిజానికి ఆ వేళకు నేను ఉండవలసింది అక్కడ కాదు. సంక్రాంతికి విడుదలైన ‘హనుమాన్’ మూడో వారంలో ఉంది. మ్యాట్నీకి వెళ్ళి, జనం ఏమనుకుంటున్నారో నాలుగు ముక్కలు రాసి పంపమని ఒక పత్రికవాళ్ళు అడిగారు. బండి థియేటర్ వైపే బయలుదేరింది. దారిలో ఈ హోటల్ టీవీ చప్పుడు చెవిన పడింది. అంతే! ఆ వ్యాసం వెళ్ళనూ లేదు, దాని పారితోషికం రానూ లేదు.

హైదరాబాదు టెస్టు మీద వరంగల్లు వాళ్ళకు ఇంత ఆవేశం ఎందుకని అడగకండి. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాటాక మనకు తగిలే మొదటి హైదరాబాదు ఉప్పలే. స్టేడియం ఉన్నదీ అక్కడే. కనుక మా లెక్కలో ఉప్పల్ టెస్టంటే మా రోడ్డు చివర జరిగే టెస్టు. అంతకుముందు అక్కడ ఆడిన 5 టెస్టుల్లో ఇండియా ఒక్కటీ ఓడలేదు. ఈసారి కూడా ఓడే లక్షణాలేమీ కనబడలేదు మరి! ఇంగ్లండ్ 246కే కుప్పకూలింది. మనవాళ్ళు 436 కొట్టారు. చేతిలో 190 పరుగుల ఆధిక్యం. సినిమా అయితే ఇంటర్వెల్‌కే వంద రోజుల పోస్టర్ అంటించేసేవాళ్ళు.

సెకండాఫ్‌లో ఓలీ పోప్ ప్రవేశించాడు. అయ్యా, ఆ రివర్స్ స్వీప్‌లు ఏమిటి, ఆ ధైర్యం ఏమిటి! 110 దగ్గర జడేజా బౌలింగ్‌లో ఇచ్చిన క్యాచ్‌ను అక్షర్ నేలపాలు చేశాడు. పోప్ 196 కొట్టిగాని కదల్లేదు. ఇంగ్లండ్ 420. మనం గెలవాలంటే 231 కావాలి.

ఆ మధ్యాహ్నం హోటల్లో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ కెప్టెన్లే. హోటల్ యజమాని సంగతి చెప్పాను కదా. మూలబల్ల దగ్గర రిటైరైన లెక్కల సారు. ఆయన ఏ మాటన్నా అంకె లేకుండా అనరు. గుమ్మం దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. అతనికి సిరాజ్ అంటే ప్రాణం. నా పక్కన మా చిన్నమ్మ కొడుకు, వరసకు తమ్ముడు. మోటార్ వైండింగ్ షాపు నడుపుతాడు. మాటలు తక్కువ.

“సిరాజ్‌కు రెండు ఇన్నింగ్స్‌ల కలిపి ఎన్ని ఓవర్లిచ్చిండు సార్, జెర చెప్పున్రి” అన్నాడు ఫోన్ల కుర్రాడు.

“మొదట 4, తర్వాత 7. పదకొండు” అన్నారు సారు, కళ్ళజోడు కూడా సవరించుకోకుండా.

“చూసిన్రా! సొంతూరి పోరగానికి పదకొండు ఓవర్లు! గా పోప్ రివర్స్ కొట్టుకుంట పోతుంటే ఫీల్డర్లను దూరం పంపుడు తప్ప ఏం జేసిండు మీ రోహిత్?”

రోహిత్ శర్మ ఉన్నట్టుండి ‘మీ’ రోహిత్ అయిపోయాడు. పొద్దున్న ‘మన’ రోహిత్.

అక్షర్ తగువు మాత్రం అంత సులువుగా తెగలేదు. జైస్వాల్, గిల్ ఒకే ఓవర్లో పోయారు. రోహిత్ 39 కొట్టి ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. 63కి 3. అప్పుడు పంపారు అక్షర్‌ను. సారు మాత్రం దాన్ని సమర్థించారు. హార్ట్‌లీది ఎడమచేతి స్పిన్, కుడిచేతివాళ్ళకు బంతి బయటికి తిరుగుతుంది, ఎడమచేతివాడికి లోపలికొస్తుంది, రాహుల్‌కు తోడుగా ఒక ఎడమచేతివాణ్ణి పంపితే బౌలర్ ప్రతి పరుగుకూ లైన్ మార్చుకోవాలి, అందుకని. వింటే సబబుగానే ఉంది. టీ వేళకు 95కి 3. హోటల్ యజమాని కూడా మెత్తబడి, “సారు చెప్పింది కరెక్టే గావచ్చు” అని పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు.

టీ అయిపోగానే అక్షర్ బంతిని తిన్నగా హార్ట్‌లీ చేతుల్లోకే కొట్టాడు.

ఆ తర్వాత సారును ఎవరూ పలకరించలేదు. రాహుల్ పోయాడు. జడేజాను స్టోక్స్ రనౌట్ చేశాడు. వెంటనే అయ్యర్... 119కి 7.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. “అసలు కెప్టెనంటే స్టోక్స్!” అన్నాను. “ఈ హార్ట్‌లీకి ఇదే మొదటి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో అతని మొదటి బంతినే జైస్వాల్ సిక్స్ కొట్టాడు. 25 ఓవర్లకు 131 పరుగులిచ్చుకున్నాడు. అయినా బంతి లాక్కోలేదు. వేయి నాయనా వేయి అన్నాడు. ఇవాళ చూడండి!”

చాలా బాగా మాట్లాడానని అనుకుని పక్కకు చూశాను. తమ్ముడు గ్లాసులోకి చూస్తున్నాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం రాయడం దేనికి?

2008లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా వీధి జట్టుకు కెప్టెన్‌ను. కార్క్ బాల్, పదహారు ఓవర్ల పోటీ, ఫైనల్. తమ్ముడికి పదహారేళ్ళు. ఎడమచేతి స్పిన్. అతని చేతిలో బంతి బొంగరంలా తిరిగేది. నెట్స్‌లో నన్నే నాలుగుసార్లు బౌల్డ్ చేశాడు. ఆ రోజు మొదటి ఓవర్లో మూడు సిక్సులు తిన్నాడు. ఓవర్ కాగానే నేను అతని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. బంతి ఇచ్చాడు. ఒక్క మాట కూడా అనకుండా బౌండరీ దగ్గరికి వేలు చూపించాను. మళ్ళీ పిలవలేదు. ఆ మ్యాచ్ మేమే గెలిచాం. అందువల్లనే నేను చేసింది ఏమిటో నాకు చాలాకాలం తట్టలేదు. ఆ తర్వాత రెండు మూడు మ్యాచ్‌లకు వచ్చాడు, బంతి మాత్రం అడగలేదు. తర్వాత రావడమే మానేశాడు. మేం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

“గది నమ్మకం గాదన్నా” అన్నాడు తమ్ముడు, తాపీగా. “లీచ్‌కు మోకాలు దెబ్బతిన్నది. స్టోక్స్‌కు వేరే దిక్కులేక ఏపిచ్చిండు.”

ప్రాణం లేచొచ్చింది. అవును సుమా! స్టోక్స్‌ది గొప్పతనం కాదు, గత్యంతరం లేకపోవడం. నేను తల ఊపబోతుండగా మూలబల్ల నుంచి లెక్కల సారు పునఃప్రవేశం చేశారు.

“దిక్కులేకనా? మొదటి ఇన్నింగ్స్‌ల 4 వికెట్లు తీసింది ఎవరు? రూట్! రేహాన్ అహ్మద్ కూడ ఉండె. ఇయ్యాలనుకుంటే ఇంకొగలకు ఇయ్యరాదా? ఇయ్యలే. అంతే.”

తమ్ముడు చాయ్ ఒక గుక్క తాగాడు. “నిజమే సార్” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నవ్వో కాదో తెలియని నవ్వుతో, “నీ దగ్గర్నయితే ఇంక నలుగురుండిరి గదన్నా” అన్నాడు.

నన్ను వదిలేశాడా, పట్టుకున్నాడా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పుడు మాత్రం, “చూడు చూడు, ఫోర్!” అన్నాను. ఫోర్ కాదు, సింగిల్.

భరత్, అశ్విన్ చెరి 28 కొట్టి 57 పరుగులు కలిపారు. మన విశాఖపట్నం కుర్రాడు గట్టెక్కిస్తాడని హోటలంతా మళ్ళీ ఏకమైంది. ‘మీ’ రోహిత్ కాసేపు ‘మన’ రోహిత్ అయ్యాడు. భరత్‌నూ, అశ్విన్‌నూ కూడా హార్ట్‌లీయే పంపేశాడు. 177కి 9. చివరికి బుమ్రా, సిరాజ్. ఒక్కొక్క పరుగే పోగేస్తుంటే ఫోన్ల కుర్రాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. మన సినిమాల్లో అయితే సిరాజ్ సొంతూళ్ళో సిక్స్ కొట్టి గెలిపించేవాడు. ముందుకొచ్చి ఊపబోయి స్టంపౌట్ అయ్యాడు. బౌలర్ హార్ట్‌లీ. 62 పరుగులకు 7 వికెట్లు. 28 పరుగుల తేడాతో ఓటమి. సొంతగడ్డ మీద వంద పైచిలుకు ఆధిక్యం సంపాదించి ఓడిపోవడం ఇండియాకు అదే మొదలు. (తర్వాత నాలుగూ వరసగా గెలిచి 4-1తో సిరీస్ పట్టుకుపోయారు. ఆ సాయంత్రం ఎవరైనా అలా జోస్యం చెప్పి ఉంటే చాయ్ మీద పోసేవాళ్ళు.)

కుర్రాడు కుర్చీ దిగాడు. యజమాని టీవీ కట్టేశాడు. సారు మాత్రం ఇంకా వేళ్ళ మీద ఏదో లెక్కిస్తున్నారు.

డబ్బులిద్దామని గల్లా దగ్గరికి వెళ్ళాను. అక్కడ లెమన్ టీ కోసం పెట్టిన నిమ్మకాయల పళ్ళెం ఉంది. తమ్ముడు ఒకటి తీసుకుని ఎడమచేతి వేళ్ళ మధ్య తిప్పి గాలిలోకి వదిలాడు. గిర్రున తిరుగుతూ పైకి వెళ్ళి మళ్ళీ అతని చేతిలోనే పడింది. ఇంకోసారి వదిలాడు.

“ఏయ్, నిమ్మకాయ ఆడ వెట్టు!” అన్నాడు యజమాని.

“తమ్మీ, ఆదివారం పిల్లలు గ్రౌండ్‌ల ఆడుతున్నరు. వస్తవా?” అన్నాను. గొంతు నాది నాకే వింతగా వినబడింది.

“నువ్వు కీపింగ్ జేస్తెనే” అన్నాడు, నిమ్మకాయ పళ్ళెంలో పెట్టి.