టు-లెట్ బోర్డు కింద

మా బావమరిది చీటీలకు హామీ సంతకాలు పెట్టి, చివరకు నేను ఐ.పి. పెట్టవలసి వచ్చింది. సొంత ఇల్లు రిసీవరు చేతికి పోయింది. ఇక అద్దె ఇంటి వేట.

“కాలేజీలో తెలుగు లెక్చరర్నని చెప్పండి, చాలు. అడగనిది చెప్పకండి” అన్నాడు బ్రోకరు. మా ఆవిడదీ అదే మాట. నాకూ అదే హాయిగా తోచిందని ఒప్పుకుంటాను.

కాని వకీలుగారు చెప్పిన ముక్క ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. 1920 నాటి చట్టం ప్రకారం, కోర్టు విడుదల చెయ్యని దివాలాదారు ఆ సంగతి దాచి యాభై రూపాయలు అప్పు తెచ్చినా నేరమేనట. (ఆ యాభైకి ఇవాళ మా ఊళ్ళో ఇద్దరికి ఉప్మా అయినా రాదు లెండి!) అద్దె ముందుగా ఇస్తే అప్పు కాదు, నిజమే. ఒక నెల ఆలస్యమైతే?

ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, “సొంతిల్లు కట్టుకోలేదా, మాస్టారూ?” అన్నారు.

గ్లాసు కింద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు. మా ఆవిడ తల వంచుకుంది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. “మూడు నెలల అడ్వాన్సు ఇవ్వండి. అద్దె మాత్రం ఒకటో తారీకుకే” అన్నారు.

ఆ వీధిలో అందరికీ రెండు నెలలే. మా ఆవిడ కుట్టుపని డబ్బుతో ఇచ్చాం. బ్రోకరు తన కమీషను రూపాయి తగ్గకుండా లెక్క పెట్టుకున్నాడు.