ఎండాకాలం నీళ్లకి ఆగే మెషిన్ కావాలి!

ఫ్రిజ్ కొందామంటే ఇంట్లో ఎవరూ కాదనరు. వాషింగ్ మెషిన్‌కీ అంతే. ఏసీ అంటే కరెంటు బిల్లు గుర్తుచేసి కాస్త గొణుగుతారు. అదే అంట్లు తోమే మెషిన్ కొందామని అనండి... ఇల్లు రెండు పార్టీలైపోతుంది! ‘మన ఇగుర్లూ వేపుళ్ల జిడ్డు దానికెక్కడ వదులుతుంది?’ అని ఒకరు. ‘అందులో పెట్టేముందు మనం ఓసారి తోమాలటగా’ అని ఇంకొకరు. ‘నాలుగు రోజులు వాడి, తర్వాత పైన పాత పేపర్లు పెట్టుకుంటారు’ అని మరొకరు. సీతాఫల్‌మండి రైల్వేస్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఓ మూడంతస్తుల ఇంటి పై వాటాలో ఈ చర్చ ఏకంగా మూడు నెలలు నడిచింది.

ఆ ఇంట్లో ఐదుగురు. కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన మామగారు, డెబ్భైకి దగ్గరపడ్డ అత్తగారు, కొడుకు, హబ్సిగూడలో ఉద్యోగం చేసే కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు. పొద్దున్నే నామాలగుండు నుంచి పనామె వచ్చి అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి వెళ్తుంది. పదకొండేళ్లుగా ఆమే. రాత్రి అంట్లు మాత్రం ఇంట్లోవాళ్ల వంతు. ఆ ‘ఇంట్లోవాళ్లు’ ఎవరో కోడలికి ఆలస్యంగా తెలిసింది. అందరూ పడుకున్నాక, మణికట్టు నొప్పికి కట్టుకున్న పట్టీ విప్పి పక్కన పెట్టి, అత్తగారే గిన్నెలు తోముతున్నారు.

‘‘ఎందుకత్తయ్యా, పొద్దున ఆమె వస్తుందిగా?’’ అంటే ‘‘రాత్రంతా ఎండిపోయిన అంట్లు గీకాలంటే ఆ పిల్లకి మాత్రం చేతులు కావా అమ్మాయ్!’’ అన్నారావిడ. మెషిన్ ఆలోచన అక్కడ పుట్టింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మనదేశంలో జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. అంట్లు తోమడం అనే పనికి యంత్రం వెతుక్కున్నది కూడా ఓ ఇల్లాలే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన జోసెఫిన్ కాక్రేన్ 1886లో దీనికి పేటెంటు తీసుకుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. ముందు కొన్నది హోటళ్లే. ఇళ్లలోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. మన దగ్గర చాలామంది దీని గురించి తొలిసారి గట్టిగా ఆలోచించింది 2020 మార్చిలో, లాక్‌డౌన్‌తో పనివాళ్లు ఇళ్లకి రాలేకపోయినప్పుడే.

పీచూ లేదు, బ్రష్షూ లేదు

చాలామంది అనుకున్నట్టు ఇందులో గిన్నెల్ని రుద్దే బ్రష్షులేమీ ఉండవు. అడుగున చేరిన కొద్దిపాటి నీళ్లనే పంపు మళ్లీమళ్లీ పైకి తోస్తుంది. ఆ ఒత్తిడికి చిల్లుల చేతులు గిర్రున తిరుగుతూ గిన్నెలమీద నీటిని చిమ్ముతాయి. హీటరు ఆ నీటిని వేడిచేస్తుంది. బాగా జిడ్డున్న గిన్నెలకి వాడే ప్రోగ్రామ్‌లో వేడి సుమారు 70 డిగ్రీలదాకా వెళ్తుంది. ఆ వేడిని చేతులు తట్టుకోలేవు. పొడిలో ఉండే ఎంజైములు అన్నం గంజినీ, పప్పు మరకనీ విడగొడతాయి. పని మెల్లగా సాగుతుంది కాబట్టే ఒక్కో విడతకి రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

నీళ్లు మాత్రం తక్కువే. పెద్ద మెషిన్లు కూడా ఒక విడతకి సుమారు పది పన్నెండు లీటర్లతో సరిపెడతాయి. నిమిషానికి ఆరు లీటర్లు పోసే కుళాయిని అరగంట తెరిచి ఉంచితే 180 లీటర్లు. ట్యాంకరు కోసం ఎదురుచూసే వేసవిలో ఈ తేడా చిన్నదేం కాదు.

మామగారి పాఠం

షోరూములకి వెళ్లొచ్చిన కొడుకు నాలుగైదు కంపెనీల కరపత్రాలు తెచ్చి బల్లమీద పరిచాడు. వాటిల్లో మోటారు గురించి ఉంది, ఫోన్‌తో నడిపించడం గురించి ఉంది. మామగారు అన్నీ తిరగేసి ఒక్కటే అడిగారు... ‘‘ఇది ఎంత కఠినమైన నీళ్లదాకా తట్టుకుంటుందిరా?’’

అసలు కిటుకు అక్కడే ఉంది. హైదరాబాద్ నిలబడింది గ్రానైటు రాళ్లమీద. బోర్లలో చాలాచోట్ల వచ్చేది కఠిన జలం. అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న నీళ్లు. వేడిచేస్తే అవి సున్నపు పొరగా పేరుకుంటాయి. గీజరు కాయిల్‌మీద తెల్లగా గట్టిపడేది అదే. డిష్‌వాషర్ హీటరుమీదా, చిమ్మే చేతుల చిల్లుల్లోనూ అదే పేరుకుంటే మెషిన్ ఎంత ఖరీదైనదైనా మూలనపడుతుంది. ఆలోగా స్టీలు గ్లాసులమీద తెల్లటి మచ్చలు మిగుల్తాయి. ‘మెషిన్ సరిగ్గా తోమట్లేదు’ అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు దోషి నీళ్లేనని తెలియదు.

దీనికి విరుగుడు మెషిన్‌లోనే ఉంటుంది. ఇంటర్ కెమిస్ట్రీలో అందరూ చదివే అయాన్ వినిమయ పద్ధతే. లోపలున్న రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలని పట్టుకుని బదులుగా సోడియంని వదుల్తాయి. పూసలు నిండిపోయాక వాటిని కడిగి మళ్లీ పనికి సిద్ధం చేసేదే అడుగున పోసే ఉప్పు. అది కూడా దీనికోసం అమ్మే గరుకు ఉప్పే వాడాలి. వంట ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు లోపల అడ్డుపడతాయి. ‘అన్నీ ఒకే బిళ్లలో ఉన్నాయి, ఉప్పు అక్కర్లేదు’ అనే మాట మెత్తటి నీళ్లకి చెల్లుతుందేమో కానీ బోరు నీళ్లకి చెల్లదు.

సీతాఫల్‌మండికి తార్నాక ఎంత దూరం? 1944లో మొదలై రసాయన పరిశోధనలో పేరుపొందిన ఐఐసీటీ అక్కడే ఉంది. వందేళ్లు దాటిన ఉస్మానియా పక్కనే ఉంది. చుట్టూ ఇంత కెమిస్ట్రీ ఉన్నా మన కుళాయి నీళ్ల కఠినత్వం ఎంతో మనలో ఎందరికి తెలుసు? దాన్ని కొలిచే కిట్లు బజార్లో దొరుకుతాయి. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టడమే. తాగే నీటిలో కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములదాకా ఉండొచ్చనీ, వేరే దారి లేకపోతే 600 వరకూ ఫర్వాలేదనీ బీఐఎస్ ప్రమాణం చెబుతుంది. డిష్‌వాషర్ మాన్యువళ్లలో తరచూ జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే దాదాపు 17.8 మిల్లీగ్రాములు. మీ నీళ్లలో 500 ఉంటే అది సుమారు 28 డిగ్రీలన్నమాట. మెషిన్ అంతకన్నా ఎక్కువ తట్టుకునేదై ఉండాలి. బిగించిన రోజే ఆ అంకెకి సెట్ చేయించుకోవాలి.

ఇక్కడో మెలిక ఉంది. హైదరాబాద్‌కి మంజీరా నీళ్లు 1965 నుంచీ, కృష్ణా నీళ్లు 2004 నుంచీ, గోదావరి నీళ్లు 2015 నుంచీ వస్తున్నాయి. జనం నోట మాత్రం అన్నీ ‘మంజీరా నీళ్లే’. చాలా ఇళ్లలో ఆ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. వానాకాలంలో ఒక పాళ్లు, మే నెలలో ఇంకో పాళ్లు. అందుకే మామగారు ఆగస్టులో ఒకసారి పరీక్షించి ఊరుకోలేదు. సంపు కలవకముందు ఉత్త బోరు నీళ్లని విడిగా పట్టి కొలిచారు. ‘‘గొడుగు కొనేటప్పుడు ఎండని చూసి కొంటామా? ఇదీ అంతే. ఎండాకాలం నీళ్లకి ఆగే మెషినే కొనాలి’’ అని తేల్చేశారు.

పైవాటా కష్టాలు

రెండో పరీక్ష ఒత్తిడిది. చాలా మోడళ్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ నీటి ఒత్తిడి అడుగుతాయి. పది మీటర్ల ఎత్తునుంచి దిగే నీటికి ఉండే ఒత్తిడి ఒక బార్. అంటే ట్యాంకు కుళాయికన్నా మూడు నుంచి ఐదు మీటర్లైనా పైన ఉండాలి. కింది వాటాలవాళ్లకి చింతలేదు. డాబామీద ట్యాంకు, దాని కిందే వంటిల్లు ఉన్న పైవాటావాళ్లకే తంటా.

మనవరాలు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టింది. పది లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండితే చాలని కొన్ని మాన్యువళ్లు చెబుతాయి. వాళ్లింట్లో నిమిషంన్నర పట్టింది! దాంతో మెషిన్ ఖర్చుకి చిన్న ప్రెషర్ పంపు ఖర్చు కలిసింది. సింకు పక్కన 60 సెంటీమీటర్ల చోటు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు, మురికినీరు పోయే దారి... ఇవన్నీ కొలిచి కాగితంమీద రాసుకున్నాకే మళ్లీ షోరూముకి బయల్దేరారు.

సంచిలో మూకుడు

ఆ రోజు అత్తగారు చేతిలో ఓ గుడ్డసంచి పట్టుకొచ్చారు. షోరూములో సేల్స్ కుర్రాడు ‘పధ్నాలుగు ప్లేస్ సెట్టింగ్స్ మేడమ్’ అని మొదలుపెట్టగానే, ఆవిడ సంచిలోంచి పులుసు గిన్నె, మూకుడు, అంచు కంచం తీసి ‘‘ఇవి పట్టించు నాయనా’’ అన్నారు. కుర్రాడు బిత్తరపోయాడు కానీ అడగాల్సిన తీరు అదే. ఆ సెట్టింగ్స్ లెక్క వేసేది పాశ్చాత్యుల పింగాణీ పళ్లేలూ, కప్పులూ, చెంచాలతో. మన లోతైన గిన్నెలకి పై అర ఎత్తు మార్చుకునే వీలుండాలి. కింది అరలో నిలువు కడ్డీలు పడుకోబెట్టగలగాలి. మొదటి మోడల్‌లో మూకుడు పెడితే పైచెయ్యి తిరగలేదు. రెండోదాంట్లో హాయిగా తిరిగింది.

అన్ని గిన్నెలూ దీనికి పనికిరావన్నది ముందే తెలుసుకోవాలి. స్టీలు, గాజు, పింగాణీ బాగా వస్తాయి. అల్యూమినియం కుక్కరు నల్లబడుతుంది. ఇనప పెనం తుప్పుపడుతుంది. ఇత్తడి, రాగి మెరుపు పోతుంది. చెక్క గరిటెలు పగుల్తాయి. పసుపంటిన ప్లాస్టిక్ డబ్బాకి ఆ రంగు పోదు. మాడిన పాలగిన్నెని ఏ యంత్రమూ ఉద్ధరించదు. అలాగని ముందే తోమి పెట్టక్కర్లేదు. మెతుకులు, ఎముకలు, కరివేపాకు దులిపి పెడితే చాలు. అడుగున ఉండే జల్లెడని వారానికోసారి విప్పి కడగాలి. బాగా నడుస్తున్న మెషిన్‌నైనా పాడుచేసే బద్ధకం అదొక్కటే.

ఇక నమ్మకం సంగతి. పేరు చూసి కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. సర్వీసు మనిషి సికింద్రాబాద్‌లోనే ఉంటాడా? పంపు పాడైతే ఎంత? హీటరైతే ఎంత? వారంటీ అయ్యాక ఏడాదికి ఎంత కట్టాలి? జవాబులు కాగితంమీద రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనడం మంచిది. పొడి, ఉప్పు, తళతళలాడించే రిన్స్ ఎయిడ్... ఈ మూడింటి నెల ఖర్చూ లెక్కలో వేసుకోవాలి. పన్ను భారం మాత్రం కాస్త తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి డిష్‌వాషర్లమీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 40 వేలున్న మెషిన్‌మీద అది నాలుగువేల తేడా.

మరి ఆమె సంగతి?

సింకు పక్కన టేపుతో కొలుస్తున్న రోజే పనామె విషయం పసిగట్టింది. చీపురు పక్కన పెట్టి ‘‘గా మిషిని వస్తే నన్ను మానుమంటరా అమ్మా?’’ అని అడిగింది. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే కొడుకు అప్పటికే ఓ లెక్క వేసి ఉన్నాడు. ఆమె జీతంలో సగం మిగిలితే ఎన్నాళ్లకి మెషిన్ ఖరీదు తిరిగొస్తుందని. షోరూముల్లో చెప్పేదీ ఆ లెక్కే.

‘‘పని తగ్గింది కాబట్టి జీతం తగ్గాలంటే, ఈ పదకొండేళ్లలో చుట్టాలొచ్చి పని పెరిగిన నెలలన్నింటికీ జీతం పెంచావా?’’ అని మామగారు అడిగేసరికి కొడుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీతం అలాగే ఉంది. పని మారింది. కుక్కరు, పెనం, ఇత్తడి చెంబులు ఆమెవే. మిగిలే సమయానికి ఆమె బౌద్ధనగర్‌లో ఇంకో ఇల్లు ఒప్పుకుంది. ‘‘బాసన్లు తోముడు తప్పితే నడుమునొప్పి జర తగ్గింది’’ అంటుంది. అన్ని ఇళ్లలో ఇలాగే జరుగుతుందని కాదు. కానీ మెషిన్ ధర చూసేటప్పుడే ఈ ప్రశ్నకీ జవాబు వెతుక్కోవడం ధర్మం.

ఇంకో ప్రశ్న కూడా మిగిలింది. గిన్నెల్ని దులిపి అరల్లో సర్దేదెవరు? పొద్దున్నే తీసి గూట్లో పెట్టేదెవరు? యంత్రం తోముతుంది కానీ ఆ రెండూ చెయ్యదు. అవి మళ్లీ ఒకే మనిషి నెత్తిన పడితే మెషిన్ వచ్చినా ఇంట్లో మారేదేమీ లేదు. అందుకే ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపుమీద ఓ కాగితం అంటించారు. రాత్రి సర్దడం కొడుకు. పొద్దున తీయడం కోడలు. ఆదివారం జల్లెడ కడగడం మనవరాలు. ఉప్పు పోయడం, నీళ్లు పరీక్షించడం మామగారు.

అత్తగారి పేరు అందులో ఎక్కడా లేదు.