అన్నం మానేసిన తొంభై అయిదు రోజులు

2019 కనుమ. అత్తారింట్లో మినపగారెలు, నాటుకోడి పులుసు మొహమాటం లేకుండా లాగించి, చెయ్యి కడుక్కుని వచ్చి సోఫాలో కూర్చున్నాను. టప్‌మని చప్పుడైంది. నా ప్యాంటు హుక్కు ఎగిరి వెళ్లి టీవీ స్టాండు కింద పడింది. బావమరుదులు నవ్వాపుకోవడానికి నానా అవస్థా పడ్డారు. మా అమ్మాయి మాత్రం పడలేదు. పడీ పడీ నవ్వింది.

నేనూ నవ్వాననుకోండి. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి నా వయసు నలభై ఆరు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. బరువు 96 కిలోలు. మా నాన్నగారు యాభై తొమ్మిదో ఏట గుండెపోటుతో పోయారు. అమ్మకి పదిహేనేళ్లుగా షుగరు. నాకు అంతకుముందు నెల చేయించిన పరీక్షలో ఏ1సి 6.3 వచ్చింది. ఆరున్నర వస్తే షుగరున్నట్టే లెక్క. అంటే అది మా గుమ్మందాకా వచ్చి చెప్పులు విప్పుతోందన్నమాట.

మన రెండు రాష్ట్రాల్లో అప్పుడు ఎక్కడ చూసినా అన్నం మానేసినవాళ్లే. పెళ్లిళ్లలో కూడా కంచం నిండా కూర వేసుకుని అన్నం దగ్గరకి రాగానే చెయ్యి అడ్డం పెట్టేవారు. మా ఆఫీసులోనే ఒకాయన నాలుగు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గి, పాత చొక్కాలన్నీ అటెండరుకి ఇచ్చేశాడు. నేను ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివాననుకున్నాను. కూరగాయలెందుకు, పెరుగెందుకు, అసలు మాంసం తప్ప ఇంకేమీ వద్దనుకున్నాను. మాంసం, చేపలు, గుడ్లు, నెయ్యి, ఉప్పు, నీళ్లు. అంతే.

నా ధైర్యానికి ఒక కథ తోడైంది. విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ అని ఒక ధ్రువ యాత్రికుడు. ఆర్కిటిక్ మంచులో ఇన్యూట్ జాతివాళ్ల మధ్య ఏళ్ల తరబడి మాంసం, చేపలతోనే బతికాడు. ఆ సంగతి చెబితే డాక్టర్లు నమ్మలేదు. దాంతో 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రి వైద్యుల పర్యవేక్షణలో ఆయనా, ఆండర్సన్ అనే సహచరుడూ ఏడాదిపాటు మాంసం మాత్రమే తిని చూపించారు. ఆ తిండివల్ల ఇద్దరికీ చెప్పుకోదగ్గ జబ్బేమీ రాలేదు. పరీక్ష మొదట్లో స్టెఫాన్సన్‌కి కొవ్వు లేని మాంసమే పెడితే విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు కలిపాక సర్దుకున్నాయి. ఈ కథని నేను ఆఫీసులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందులో ఉన్నది ఇద్దరే మనుషులనీ, చూసింది ఒక్క ఏడాదేననీ మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పుకోలేదు.

పొయ్యి వేరైంది

మా ఆవిడ నా జాబితా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఏవండీ, ఉల్లిపాయ కూడా వద్దంటే మటన్‌లో గ్రేవీ ఎక్కణ్నుంచి వస్తుందండీ?’ అంది. గ్రేవీ అక్కర్లేదన్నాను. ‘అయితే నేనూ అక్కర్లేదు, మీరే వండుకోండి’ అంది.

అసలు చిక్కు అమ్మతో వచ్చింది. అమ్మకి శనివారాలు నీచు పనికిరాదు. వంటింట్లో ఆ వాసనే తగలకూడదు. అందుకని వెనక వరండాలో ఒక చిన్న గ్యాస్ పొయ్యి పెట్టించాను. మొదట శనివారాలకే అనుకున్నాం. పది రోజులు తిరిగేసరికి వారమంతా నా వంట అక్కడే. పొద్దున నేతిలో నాలుగు గుడ్లు. మధ్యాహ్నం క్యారేజీలో వేయించిన కోడి తొడలు. సాయంత్రం ఏడింటికల్లా మటనో, చేపముక్కలో వేయించుకుని, వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక్కణ్నే తినేసేవాణ్ని. స్టెఫాన్సన్ లివరూ, కిడ్నీలూ కూడా తిన్నాడని తెలిసి వారానికి రెండుసార్లు లివరు తెచ్చుకునేవాణ్ని.

మా గుంటూరు మటన్ కొట్టు భాయ్ మొదటివారం ‘ఇంట్లో ఫంక్షనా సార్?’ అనడిగాడు. రెండోవారం అడగలేదు. మూడోవారం నుంచీ నా స్కూటర్ మలుపు తిరగ్గానే కత్తి నూరడం మొదలెట్టేవాడు.

మొదటి నాలుగు రోజులూ తలనొప్పి, నీరసం. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. ఎముకల సూపులో ఇంకాస్త ఉప్పేసుకుని తాగితే తగ్గేవి. పదో రోజున బరువు చూసుకుంటే నాలుగున్నర కిలోలు తగ్గింది! అందులో చాలావరకు నీరేనని తర్వాత తెలిసింది. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం, గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుందట. అన్నం మానేయగానే ఆ నిల్వ కరిగి, దాంతోపాటు నీరూ పోతుంది. ఆ రోజు మాత్రం కొవ్వు కరిగిందనే స్వీట్లు పంచాను. నేను తినలేదు లెండి.

న్యాయంగా చెప్పాలి. ఫిబ్రవరి చివరికి 88 కిలోలకు వచ్చాను. మెట్లెక్కితే ఆయాసం లేదు. మోకాళ్లు మొర పెట్టడం మానేశాయి. గురక తగ్గిందని మా ఆవిడ సర్టిఫికెట్ ఇచ్చింది. అన్నిటికంటే వింత, ఆకలి సద్దుమణిగింది. సాయంత్రం అయిదింటికి మిరపకాయ బజ్జీల బండి వాసన వచ్చినా మనసు లాగేది కాదు. నలభై ఏళ్లలో మొదటిసారి తిండి నా వెంట పడ్డం మానేసినట్టనిపించింది. ఆ సుఖం అబద్ధం కాదు.

ఎవరికీ చెప్పని సంగతులు

చెప్పనివి కూడా ఉన్నాయి. మూడు రోజులకోసారి బాత్రూంలో అరగంట తపస్సు. మాంసంలో పీచు అన్నదే ఉండదు మరి. నోట్లోంచి పండు మురిగినట్టు ఒక వాసన. కౌంటరు దగ్గర జనంతో మాట్లాడే ఉద్యోగం కాబట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాణ్ని. నెలకి మాంసం ఖర్చు మా అమ్మాయి ఇంటర్ కోచింగ్ ఫీజు వాయిదాని దాటిపోయింది.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. అమ్మ తలంటుకుని, పచ్చడి చేసి, దేవుడి ముందు పెట్టి, చిన్న గిన్నెలో తెచ్చి నా చేతికిచ్చింది. బెల్లం, మామిడికాయ, అరటిపండు. వద్దన్నాను. ‘చెంచాడేరా, ఏడాదికోసారి’ అంది. ‘చెంచాడుతోనే మొదలవుద్దమ్మా’ అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. అమ్మ మారు మాట్లాడలేదు. గిన్నె తీసుకుని లోపలికెళ్లిపోయింది.

ఆ వారంలోనే అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు మంట పెట్టినట్టు నొప్పెట్టింది. దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. పొద్దున కుంటుతూంటే, బూటు కరిచిందని చెప్పాను. చెబితే ‘నీ డైటింగ్ వల్లే’ అంటారని భయం. అప్పటికి 85 కిలోలు. వంద రోజుల పండగ దగ్గర్లో ఉంది. మన సినిమాల్లాగా వంద రోజులూ ఆడించి తీరాలని పట్టుదల.

ఆ ఆదివారం

ఇంకా అయిదు రోజులుందనగా, ఏప్రిల్ 21, ఆదివారం. అయిదున్నరకే లేచే అమ్మ ఆరున్నరైనా లేవలేదు. గదిలోకెళితే జాకెట్టంతా చెమటతో తడిసి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. ‘అమ్మా’ అన్నాను. నన్ను చూసి, ‘ఏవండీ, బస్సు వేళయింది, బయల్దేరలేదే?’ అంది.

నాన్నగారు పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఒక్క క్షణం నా కాళ్లు ఆడలేదు. మా అమ్మాయి పరిగెత్తుకెళ్లి షుగరు చూసే మిషను తెచ్చింది. 46. మింగే స్థితిలోనే ఉంది కాబట్టి మా ఆవిడ గ్లాసులో పంచదార కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంటకి మళ్లీ చూస్తే 72. అప్పుడు నన్ను గుర్తుపట్టింది. ‘ఏమైందిరా, అందరూ ఇలా నించున్నారు?’ అంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ‘రాత్రి ఏం తిన్నారు?’ ముందురోజు శనివారం. ఫలహారం చేసిందనే అనుకున్నాం. అమ్మ నసిగి నసిగి చెప్పింది, గ్లాసుడు మజ్జిగ అని. ఆ ముందు రోజు? ఒక గుడ్డు. ఎన్నాళ్లుగా? ఉగాది మర్నాటి నుంచీ. అన్నం గరిటెడు వేసుకుని, తిన్నట్టు కెలికి, పెరట్లో కాకులకి పెట్టేస్తోంది. షుగరు మాత్ర మాత్రం ఒక్కపూట కూడా మానలేదు.

‘ఎందుకమ్మా?’ అన్నాను.

‘నీకు తగ్గింది కదరా. నాకూ తగ్గుద్దేమో, మాత్రల ఖర్చన్నా మిగులుద్దనీ’ అంది.

డాక్టరు కోప్పడలేదు. విడమరిచి చెప్పాడు. అమ్మ వాడే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని ఊరిస్తాయి. అన్నం తగ్గించి మాత్ర తగ్గించకపోతే షుగరు పాతాళానికి పోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ అదే ప్రమాదం. పెద్దవాళ్లలో ఒకసారి సర్దుకున్నా మళ్లీ పడొచ్చు కాబట్టి ఒక రోజు ఉంచి చూడాలన్నాడు. ‘తిండి మార్చుకోవచ్చండీ. కానీ ముందు నాకు చెప్పి, మాత్ర మార్చుకుని అప్పుడు మార్చుకోవాలి’ అన్నాడు. తర్వాత నా కుంటికాలు వంక చూసి, ‘మీరూ రక్తం ఇచ్చి వెళ్లండి’ అన్నాడు.

రాత్రంతా అమ్మ మంచం పక్కన కూర్చుని ఒకటే ఆలోచన. రెండు వారాలు అమ్మ అన్నం తినకపోతే ఇంట్లో నాకెందుకు తెలీలేదు? ఎలా తెలుస్తుంది? ఏడింటికే వరండాలో నా తిండి నేను తిని లేచేవాణ్ని. మా అమ్మాయి పుస్తకాలు ముందేసుకుని టీవీ దగ్గర తినేది. మా ఆవిడ అందరివీ అయ్యాక వంటింట్లో తినేది. అమ్మ కంచంలోకి చూసేవాళ్లే లేరు.

లెక్కలు తేలాయి

నా రిపోర్టు మర్నాడు వచ్చింది. మంచి సంగతి ముందు. ఏ1సి 6.3 నుంచి 5.7కి దిగింది. ట్రైగ్లిజరైడ్లు 268 నుంచి 128కి వచ్చాయి. రెండో పక్క, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 126 నుంచి 204కి ఎగబాకింది. ఏడు దాటకూడని యూరిక్ యాసిడ్ 9.2 ఉంది. బొటనవేలిని కరిచింది బూటు కాదు, నేను వారానికి రెండుసార్లు తిన్న లివరు. అందరికీ ఎల్‌డీఎల్ ఇంత పెరగాలని లేదట. కానీ తండ్రి యాభై తొమ్మిదికే గుండెపోటుతో పోయినవాడు ఈ అంకెతో ఏళ్లు గడపడం మంచిది కాదని మా డాక్టరు తేల్చి చెప్పాడు.

‘మరి బరువు తగ్గిందిగా’ అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

అంతకుముందు రోజుకి ఏమేం తినేవాడివో కాగితం మీద రాయమన్నాడు. రాశాను. ఆఫీసులోనూ ఇంట్లోనూ కలిపి ఆరు టీలు. టీకి రెండు చెంచాల పంచదార. అంటే రోజుకి పన్నెండు చెంచాలు, సుమారు అరవై గ్రాములు. ఏడాదికి దాదాపు ఇరవై రెండు కిలోలు! బస్తాలో సగానికి దగ్గర దగ్గర పంచదార నేనొక్కణ్నే తాగేశాను. సాయంత్రం బజ్జీలు. రెండుపూటలా గోపురంలా అన్నం, దాని మీద జెండాలా కూర. డాక్టరు ఆ కాగితం నా ముందుకి తోసి, ‘వీటిని మానేసినందుకే చాలావరకు తగ్గారు. వీటితోపాటు తోటకూరనీ, కందిపప్పునీ, జామపండునీ ఎందుకు వెలేశారు? అవేం పాపం చేశాయి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వరండాలో పొయ్యి తీసేశాం. ఆవకాయల రోజులొచ్చాయి. కొత్త జాడీ తెరిచిన రోజున అమ్మే ముద్దపప్పులో కలిపి, నెయ్యి చుక్క వేసి, ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. మూడు నెలల తర్వాత ఆవకాయ. కళ్లు చెమర్చాయి. కారానికేనని చెప్పాను.

మొదటి రెండు నెలల్లో మూడు కిలోలు తిరిగొచ్చాయి. బెంగపడ్డాను. అవి నీళ్ల లెక్కేనని డాక్టరు నవ్వాడు. ఇప్పటికి ఆరేళ్లు దాటింది. 82, 84 మధ్య తిరుగుతున్నాను. నా ఎత్తుకి 72 దాటితే మనవాళ్ల లెక్కలో ఊబకాయమే. అంటే ఇంకా దారి ఉంది. టీలు రెండు, పంచదార లేకుండా. ఇప్పుడు అన్నం జెండా, కూర గోపురం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా, మనకి అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దని ఉంటే, కాగితం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. గుడ్డు రోజూ ఉంటుంది. చేపలు వారానికి రెండుసార్లు, మటన్ ఆదివారం. లివరు జోలికి పోను. పొద్దున గంట నడక. ఎల్‌డీఎల్ ఆ ఏడాది ఆఖరికే 134కి వచ్చింది. బొటనవేలు మళ్లీ పలకరించలేదు. మాంసంతో నాకు తగవు లేదు. దానికోసం మిగతా అందర్నీ బయటికి పంపడంతోనే తగవు.

అమ్మకి ఆ మాత్ర తీసేసి వేరేది రాశారు. అన్నం కొలత కూడా డాక్టరే చెప్పాడు. ఆ కొలతకి అమ్మ ఒక స్టీలు గిన్నె పెట్టుకుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఒకే నియమం. రాత్రి ఎనిమిదిన్నరకి ఎక్కడివాళ్లు అక్కడ పని ఆపి టేబుల్ దగ్గరకి రావాలి. అమ్మాయి ఉద్యోగానికి వెళ్లాక ముగ్గురమే మిగిలాం. అయినా నియమం నియమమే. నేను అమ్మ కంచంలోకి చూస్తాను. అమ్మ నా కంచంలోకి చూస్తుంది.

‘ఏంట్రా ఆ చూపు? నా అన్నానికి దిష్టి తగుల్తుంది’ అంటుంది.