వయొలెట్ అణకువేనా?

వయొలెట్ పువ్వంటే అణకువకు గుర్తని యూరప్‌లో పాత మాట. పువ్వును చూస్తే కాదనలేం. గుండె ఆకారపు ఆకుల చాటున, జానెడు ఎత్తైనా లేకుండా, తల వంచుకుని పూస్తుంది. ఉన్నవి ఐదే రేకులు. తేనెటీగకు దారి చూపే సన్నని ముదురు గీతలు కింది రేకు మీద ఉంటాయి.

అయినా ఆ పువ్వును పట్టుకుని ఫ్రాన్స్‌లో రాజకీయమే నడిచింది! 1814లో నెపోలియన్‌ను ఎల్బా దీవికి పంపేశాక, వయొలెట్లు పూసేనాటికి తిరిగొస్తాడని అభిమానులు గుసగుసలాడుకున్నారు. ‘కార్పొరల్ వయొలెట్’ అని ఆయనకు చాటు పేరూ పెట్టుకున్నారు. 1815 మార్చి 20న, ఆ పూల కాలంలోనే, పారిస్‌లో అడుగుపెట్టాడు. పదవి దిగిపోయిన మనిషి మీద ఆశను అంత చిన్న పువ్వు మోయడం నన్ను కదిలిస్తుంది.

దాని వాసనా అంత తేలిగ్గా లొంగదు. అందులోని అయోనోన్లనే పరిమళ పదార్థాలు ముక్కును కాసేపు మొద్దుబారుస్తాయి. పరిమళం పోయిందనుకుంటాం, కాసేపటికి మళ్లీ తగులుతుంది.

ఇక రంగు. 1908లో ఓటుహక్కు కోసం పోరాడుతున్న బ్రిటన్ స్త్రీలు ఊదా, తెలుపు, ఆకుపచ్చలను తమ రంగులుగా ఎంచుకున్నారు. ఊదా అంటే ఆత్మగౌరవమన్నారు. అణకువ కన్నా నాకు ఈ అర్థమే ఇష్టం.