అయిదు నిమిషాల పని

తెల్లవారుజామున నాలుగు గంటలు. మదనపల్లెకు దగ్గర్లో ఓ పల్లె. చలికాలం కావడంతో వేపచెట్టు కింద నిలిపిన టాటా ఏస్ అద్దమంతా మంచు. చేతిలో టార్చిలైటు, భుజాన ఓ పాతగుడ్డతో ఆ ఇంటి కొడుకు బండి దగ్గరికొచ్చాడు. ముందు వంగి బండి కింద నేల చూశాడు. తడి లేదు. సీటు పైకెత్తాడు. ఆయిల్ గేజి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. కూలెంట్ ఎంతుందో చూసి, ఫ్యాన్ బెల్టును వేలితో నొక్కి, రబ్బరు గొట్టాలను చేత్తో తడిమాడు. తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు మీద హీటర్ దీపం ఆరేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేశాడు.

అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న తండ్రి అడిగాడు.

‘‘అన్నీ సూసినావా?’’

‘‘సూసినా నాయినా.’’

అంతే! మొత్తం అయిదు నిమిషాలు. టమోటా పెట్టెలతో బండి మార్కెట్ యార్డు దారి పట్టింది. 2012 మే నెల తర్వాత ఈ అయిదు నిమిషాల పని ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా ఆగలేదు. ఎందుకాగలేదో తెలియాలంటే ముందు ఆ ఇంజిన్ సంగతి కొంత తెలియాలి.

గుర్రాలు పదహారే!

ఆ తండ్రి కుర్రతనంలో లారీ క్లీనరు. తర్వాత డ్రైవరు. ఇరవై ఏళ్లకు పైగా పరాయి బండ్లు తోలాక 2007లో ఫైనాన్స్‌లో ఈ చిన్న బండి కొనుక్కున్నాడు. టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చింది 2005 మేలో. అప్పటిదాకా మూడు చక్రాల ఆటో ట్రాలీకి ఎక్కువ, లారీకి తక్కువ అనుకునే సరుక్కి సరైన బండి ఉండేది కాదు. సందుల్లో దూరుతుంది, నాలుగు చక్రాల మీద నిలకడగా పోతుంది. ఉత్తరాదివాళ్లు దీనికి ‘చోటా హాథీ’... అంటే చిన్న ఏనుగు అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

పేరుకు ఏనుగే గానీ దాని గుండెకాయ చాలా చిన్నది. ఇండికా డీజిల్ కారులో ఉండేది 1405 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిన్. దాన్ని సగం చేసినట్టుగా రెండు సిలిండర్లతో ఈ బండికి ఇంజిన్ తయారుచేశారు. 702 సీసీలు. 3200 చుట్ల దగ్గర 16 హార్స్‌పవర్. ఈ రోజుల్లో కుర్రాళ్లు నడిపే కొన్ని బైకులకూ అంత శక్తి ఉంటుంది. మరి బరువెలా లాగుతుంది? అక్కడే ఉంది డీజిల్ కిటుకు. నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడే దానికి 38 న్యూటన్ మీటర్ల లాగే బలం వస్తుంది. అదే శక్తి ఉన్న బైకుకు ఇందులో సగం కూడా ఉండదు.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కాగిపోతుంది. ఆ కాగిన గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఈ రకం ఇంజిన్‌లో డీజిల్ ముందు హెడ్డులో ఉండే ఓ చిన్న గదిలోకి పోతుంది. చలికి ఆ గది గోడలు చల్లబడి ఉంటాయి కాబట్టి హీటర్ ప్లగ్గు దాన్ని ముందుగా వెచ్చబెడుతుంది. మదనపల్లె చలిలో ఆ దీపం ఆరకముందే సెల్ఫ్ కొడితే బ్యాటరీ దండగ, పొగ దండగ.

బండి మోయాల్సింది 750 కిలోలు. పెట్టెతో కలిపి పాతిక కిలోల లెక్కన ముప్ఫై పెట్టెలు. బండి కొన్న కొత్తలో తండ్రి ఆ లెక్కను చాక్‌పీస్‌తో తొట్టి తలుపు లోపలివైపు రాసుకున్నాడు. వానకు అది చెరిగిపోయింది. మళ్లీ రాయలేదు.

ముల్లు పైకెక్కింది

2012 మే నెల. తండ్రికి కంటి ఆపరేషన్ అయ్యింది. బండి కొడుకు చేతికొచ్చింది. అతనికి అప్పుడు ఇరవై రెండేళ్లు. టమోటాలు తిరుపతిలో దించాక ఖాళీగా రావడమెందుకని ఓ కిరాణా వ్యాపారి సరుకు ఒప్పుకున్నాడు. యాభై కిలోల బియ్యం బస్తాలు ఇరవై రెండు. అంటే 1100 కిలోలు! మధ్యాహ్నం మూడింటికి చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాడు.

రెండో గేరులో పోవాల్సిన చోట తొందర కొద్దీ మూడో గేరులో ఈడ్చాడు. చుట్లు తగ్గితే వాటర్ పంపు కూడా నిదానిస్తుంది. బరువు ఎక్కువ, ఎండ ఎక్కువ, తిరిగే నీళ్లు తక్కువ. టెంపరేచర్ ముల్లు మెల్లగా ఎర్రగీత దాకా వచ్చింది. అతను చూశాడు. చూడలేదని ఎప్పుడూ అనలేదు. ‘ఇంకో నాలుగు మలుపులే కదా... పైకెక్కితే చాలు’ అనుకున్నాడు.

మూడో మలుపులో ముందునుంచి ఆవిరి చిమ్మింది. బండి ఆగింది. కంగారులో రెండు తప్పులు చేశాడు. రేడియేటర్ మూత వెంటనే తిప్పాడు. అది ప్రెషర్ కుక్కర్ లాంటిది. ఒత్తిడి వల్లే లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. మూత తీస్తే ఒక్కసారిగా పైకి ఎగుస్తాయి. ముంజేయి కాలింది. ఆ మంటలోనే సీసాలోని చల్లటినీళ్లు తెచ్చి లోపల పోశాడు. కాగిపోయిన ఇనుము మీద చల్లటినీళ్లు! ఇంకేముంది... సిలిండర్ హెడ్డు వంగింది.

ట్రాక్టరుకు కట్టి పైకి లాక్కొచ్చేసరికి రాత్రయ్యింది. మెకానిక్ భాయ్ మర్నాడు ఆయిల్ గేజి తీసి చూపించాడు. పాలు కలిపిన టీలా ఉంది ఆయిల్.

‘‘హెడ్ గ్యాస్‌కెట్ పోయింది. ఆయిల్లో నీళ్లు కలిసినాయి. హెడ్డు ఫేసింగ్ చేయించాల’’ అన్నాడు.

ఇంట్లో ఉన్న డబ్బు ఒక్కటే. చిన్నమ్మాయిని నర్సింగ్‌లో చేర్పించడానికి దాచింది. అది బండికి పోయింది. ఫీజు కోసం తల్లి చెవికమ్మలు కుదువకు వెళ్లాయి. ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది. కొడుక్కి కాలిన చేతి కన్నా ఆ పుల్లలే ఎక్కువ బాధపెట్టాయి.

తెల్లటి పొర

తండ్రి కంటికి నల్లద్దాలతోనే షెడ్డుకొచ్చాడు. కొడుకు తల దించుకుని నిల్చున్నాడు. తిట్లు పడతాయని అందరూ ఎదురుచూస్తున్నారు. భాయ్ ఊడదీసిన హెడ్డును వెలుగులోకి తిప్పాడు. నీళ్లు తిరిగే దారుల నిండా తెల్లగా, గట్టిగా, సున్నంలా పేరుకున్న పొర.

‘‘ఏం నీళ్లు పోస్తా ఉండారన్నా?’’

తండ్రి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. బోరు నీళ్లు. అయిదేళ్లుగా అవే. కూలెంట్ డబ్బా కొనడం దండగని ఆయనే మొదలుపెట్టాడు. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలెక్కువ. గిన్నెలో కాచినా అడుగున తెల్లగా పేరుకుంటాయి. ఇంజిన్‌లోనూ అంతే. ఆ పొర వేడిని నీళ్లకు అందనివ్వదు. తుప్పును ఆపే గుణం కూడా బోరు నీళ్లకు లేదు. ఇక కింది గొట్టానికి ఓ సన్నటి పగులు. దాన్నుంచి రోజూ నాలుగు చుక్కలు కారడం ఆపరేషన్‌కు ముందే ఆయన చూశాడు. ‘తర్వాత మారుద్దాంలే’ అని నీళ్లు పోసి ఊరుకున్నాడు.

కొడుకు ముల్లును చూసి కూడా ఆగలేదు. తండ్రి చుక్కలను చూసి కూడా గొట్టం మార్చలేదు. పెద్ద ఇంజిన్ అయితే ఇద్దరి తప్పులనూ కొన్నాళ్లు మోసేదేమో. పదహారు గుర్రాల బండిలో అంత మిగులు ఎక్కడిది? నెల జీతంతో ఒడ్డున పడే ఇల్లు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చిన్న ఖర్చు వాయిదా వేస్తే పెద్దదై తిరిగొస్తుంది.

‘‘సగం నీది, సగం నాది లేరా’’ అన్నాడు తండ్రి. ఇరవై ఏళ్ల స్టీరింగ్ అనుభవం ఉన్న మనిషి, కొడుకు ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

నాయిన చెప్పిన పాఠం

ఆ వారం రోజులూ తండ్రీకొడుకులు షెడ్డులోనే ఉన్నారు. భాయ్ పని చేస్తుంటే తండ్రి ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

ఆయిల్ చూడాలంటే బండి సమంగా ఉన్నచోట ఆగాలి. ఇంజిన్ ఆపి కొద్దిసేపు ఉంచాలి. డీజిల్ బండిలో ఆయిల్ త్వరగా నల్లబడుతుంది. అది మసి. దానికి భయపడక్కర్లేదు. మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు మారిస్తే చాలు. పాలరంగు కనిపిస్తే మాత్రం బండి కదపకూడదు. కూలెంట్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ తరచూ చూడాలి. ముక్కు మూసుకుంటే మనిషైనా ఎంత దూరం పరిగెడతాడు? ట్యాంకు పూర్తిగా ఎండనివ్వకూడదు. పైపుల్లోకి గాలి చేరితే మళ్లీ డీజిల్ పోసినా ఆ గాలి తీసేదాకా ఇంజిన్ అందుకోదు. డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లను వదిలేస్తుండాలి. టైమింగ్ బెల్టును తెగేదాకా ఆగకుండా గడువుకే మార్చాలి. తెగితే వాల్వులూ పిస్టన్లూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఆ ఖర్చు హెడ్డు ఖర్చును మించిపోతుంది.

‘‘నల్లపొగొస్తే గాలి చూడు. నీలిపొగొస్తే ఆయిలు చూడు. తెల్లపొగ ఆగకుండా వస్తా ఉంటే బండాపి నీళ్లు చూడు. ముల్లు పైకెక్కితే మాత్రం ఏమీ చూడొద్దు, పక్కకు తీసి ఆపు. చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. న్యూట్రల్‌లో దిగినావంటే బ్రేకులే దిక్కు’’ అన్నాడు.

బండి బయటికొచ్చిన రోజు కొడుకు చేసిన మొదటి పని చాక్‌పీస్ కాదు, పెయింటు డబ్బా కొనడం. తొట్టి తలుపు మీద ‘30 పెట్టెలు’ అని తెల్లరంగుతో రాశాడు. అప్పట్నుంచి ముప్ఫై ఒకటో పెట్టె ఎక్కలేదు. ‘ఒక్కటే కదన్నా’ అని అడిగి వేరే బండికి వెళ్లిపోయిన రైతులూ ఉన్నారు. ఆ సంపాదన పోయింది. కానీ రోడ్డు మీద ఆగిపోయిన రోజు మళ్లీ రాలేదు. రెండేళ్లకు కమ్మలు ఇంటికొచ్చాయి. కొడుకే విడిపించి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లకు సెన్సర్లు వచ్చాయి. ఏదైనా తేడా వస్తే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగి చెబుతుంది. ఈ పాత బండికి ఆ సదుపాయం లేదు. ఇంజిన్‌కు ఒకసారి బోరింగ్ అయ్యింది. తొట్టికి రెండుసార్లు రేకు మారింది. ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లొస్తూనే ఉంది.

ఈమధ్య మనవడు కూడా టార్చిలైటు పట్టుకుని తండ్రి వెనకాల వస్తున్నాడు. ఎనిమిదేళ్లవాడు. మొన్న వాడే ముందు వంగి బండి కింద చూశాడు.

‘‘తడి లేదు తాతా!’’ అని అరుగు వైపు తిరిగి అరిచాడు.

‘‘బండి కింద చెయ్యి పెట్టి సూడు రా. చీకట్లో కన్ను మోసం చేస్తాది’’ అన్నాడు తాత.

వాడు మళ్లీ వంగాడు.