ఎత్తిపోతలకు పోయినది

మాచర్లనుండి ఎత్తిపోతలకు మేము పోయినది వినోదమునకు గాదు. మా యింట గాజుపాత్రలోని బంగారుచేప చనిపోయి, పిల్లలు అన్నము ముట్టకుండిరి. పాత్ర మురికియైనదని మేమే పాతనీరంతయు పారబోసి కొళాయినీరు నింపితిమి. అందలి క్లోరిను చేపల మొప్పలను చెరచును; పాతనీరు చాలవరకు ఉంచి, ఒకదినము నిలువయుంచిన నీటినే కొంచెముగ చేర్చవలెనట. తప్పు మాదేయని పిల్లలతో చెప్పుట కష్టమైనది, చెప్పితిమి.

సత్యవ్రతుని కమండలములోని చేప తుదకు సముద్రము చేరెను గదా, దీనిని చంద్రవంకలో విడుతమని చిన్నవాడు పట్టుపట్టెను. దాని కేదైన రోగమున్నచో ఏటిచేపలకు సోకునని నచ్చజెప్పి, మల్లెపాదున పూడ్చితిమి.

మరునాడు చంద్రవంక యొడ్డున చెన్నకేశవస్వామిని సేవించి బయలుదేరితిమి. ఎత్తిపోతలయొద్ద ఆ యేరే సుమారు 70 అడుగులు దూకి, లోయవెంట పోయి కృష్ణలో కలియును. అచ్చట మొసళ్ల పెంపకకేంద్రము కలదు. చిన్నవాడు కమ్మిపట్టుకొని చాలసేపు చూచి, "అమ్మా, మన చేప ఇక్కడికి వస్తే మొసలి తినేసేదేమో" అనెను. అక్క వానిని కసరినది. పిమ్మట ఇరువురును ఆకలి యనిరి. పులిహోర పొట్లము విప్పితిమి.